ఆరోగ్య పాఠము: ఒకసారి వచ్చిపోయిన జబ్బు మళ్ళీ రాదా?



ఈ పాఠము వ్రాయడానికి కారణము మా సంఘములోని ఒక అక్కగారు. పేరు చెప్పము. వయస్సు డెబ్బై దాటింది. షోలాపురములో మన తెలుగు ఇండ్లలో చాలామంది ఆడవారిలాగే ఆమె కూడా నలభై ఏండ్లు బీడీలు చుట్టి పిల్లలను పెంచారు. ఆ పొగాకు దుమ్ముకు ఊపిరితిత్తులు ముందునుండే బలహీనము. 2021 ఏప్రిల్‌లో, కరోనా సెకండ్ వేవ్‌లో, ఆమెకు జ్వరము వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. ఇంటిలోనే ఉండి మందులు మింగి, పదిహేను రోజులకు లేచి తిరిగారు. మేమందరము సంతోషించాము.

ఆ మే నెలలో కేంద్ర ప్రభుత్వము ఒక సూచన ఇచ్చింది. కరోనా వచ్చి తగ్గినవారు మూడు నెలలు ఆగి టీకా వేయించుకోవాలి అని. ఆగస్టు వచ్చేసరికి ఆ మూడు నెలలు నిండాయి. చర్చీలు ఇంకా తెరవని రోజులవి. అక్కగారు మా వాకిట నిలబడి, ముక్కు మీద కొంగు కప్పుకొని అడిగారు: "సార్, నాకు వచ్చిపోయింది కదా, మళ్ళ సూది ఎందుకు?"

"వచ్చిపోయినవారికి లోపలే టీకా పడినట్టు అక్కా, తొందరేమీ లేదు" అని చెప్పాము.

మూడు నెలలు ఆగమన్న మాటను మేము "అక్కరలేదు" అన్నంతవరకు సాగదీశాము. ముప్పై ఏండ్లు బడిలో పాఠాలు చెప్పిన నోరు గనుక ఆమె నమ్మారు. 2022 జనవరిలో ఆమెకు మళ్ళీ వచ్చింది. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. బ్రతికి ఇంటికి వచ్చారు గాని, అంతకు ముందు ఆదివారము ఆరాధనకు నడిచి వచ్చే మనిషి, ఇప్పుడు మనుమడి బండి మీద వస్తున్నారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు బరువైంది.

మేము చెప్పినది పూర్తిగా అబద్ధము కాదు. సగము నిజము. ఆ సగము ఏది, మాకు తెలియని సగము ఏది అని తరువాత చాలా చదివాము, తెలిసిన డాక్టర్లను విసిగించి అడిగాము. అప్పుడు నేర్చుకున్నదే ఈ పాఠము.

ముందు మా తప్పుకు మూలము ఎక్కడున్నదో చెప్తాము. మా చిన్నతనములో ఇంటిలో ఒకరికి తట్టు వస్తే, కొన్నిచోట్ల దీన్నే పొంగు అంటారు, ఇంకా రాని పిల్లలను పక్క ఇంటికి పంపేవారు. వచ్చిపోయిన పిల్లను మాత్రము రోగి దగ్గర కూర్చోబెట్టి విసనకర్ర ఇచ్చేవారు. "దీనికి వచ్చిపోయింది, ఇక జన్మలో రాదు" అనేది మా అమ్మ. అమ్మ చెప్పినది సరియైనదే. తట్టు కూడా ఊపిరి ద్వారా, దగ్గు తుంపరల ద్వారా వచ్చే వైరస్ జబ్బే. దాని విషయములో ఈ మాట ఎంత నిజమో 1846లోనే రుజువైంది.

ఆ సంవత్సరము నార్వేకు ఐస్‌లాండుకు నడుమ సముద్రములో ఉన్న ఫారో దీవులలో తట్టు వ్యాపించింది. డెన్మార్కు ప్రభుత్వము పీటర్ పానుమ్ అనే యువ వైద్యుణ్ణి అక్కడికి పంపింది. దీవుల జనాభా సుమారు 7,800. అందులో దాదాపు 6,000 మంది మంచము పట్టారు. అంతకు ముందు అక్కడ తట్టు వచ్చినది 1781లో. నడుమ 65 ఏండ్లపాటు ఆ జబ్బు దీవుల మొహము చూడలేదు. అయితే 1781లో తట్టు వచ్చి బ్రతికిన ముసలివారు ఇంకా చాలామంది ఉన్నారు. పానుమ్ ఊరూరు తిరిగి విచారించగా, వారిలో ఒక్కరికి కూడా రెండవసారి రాలేదు. 65 ఏండ్లలో ఆ వైరస్‌ను మళ్ళీ ఎదుర్కొనకుండానే వారి శరీరము దానిని గుర్తుపెట్టుకొని ఉన్నది.

ఈ కాలములో రక్తపరీక్షలతో కూడా ఇదే తేలింది. అమెరికాలోని ఆరెగాన్‌లో 45 మంది రక్తాన్ని, కొందరిది 26 ఏండ్ల వరకు, పరీక్షించి 2007లో ప్రచురించారు. తట్టు యాంటీబాడీలు సగానికి తగ్గాలంటే మనిషి ఆయుష్షు చాలదని లెక్క వచ్చింది. టెటనస్ టీకా వలన వచ్చినవి మాత్రము సుమారు 11 ఏండ్లకు సగమవుతాయి. అందుకే గదా దెబ్బ తగిలినప్పుడు డాక్టరు "టి.టి. ఎప్పుడు వేయించుకున్నావు?" అని అడుగుతారు.

మేము చేసిన పొరపాటు ఏమిటంటే, తట్టుకు చెల్లే మాటను కరోనాకు కూడా చెల్లించాము.

మరి జలుబు సంగతి చూడండి. జలుబు జన్మలో ఒక్కసారే వచ్చినవారు మన సంఘములలో ఎవరైనా ఉన్నారా? జలుబు తెచ్చే వైరస్‌లు రకరకాలు, అవి నూటికి పైబడి ఉన్నాయి గనుక ఒకటి పోతే మరొకటి వస్తుందని మేము బడిలో చెప్పేవారము. అది ఒక కారణమే గాని అదే మొత్తము కాదు. ఒకే వైరస్ అయినా మళ్ళీ వస్తుంది. ఇంగ్లాండులో సాలిస్‌బరి దగ్గర జలుబును పరిశోధించే ఒక కేంద్రము ఉండేది. అక్కడ స్వచ్ఛందముగా వచ్చినవారి ముక్కులో వైరస్ చుక్కలు వేసి ఏమి జరుగుతుందో చూసేవారు. 1990లో ప్రచురించిన ఒక పరిశోధనలో 15 మందికి 229ఇ అనే రకము కరోనా వైరస్ వేశారు. ఇది 2019లో వచ్చినది కాదు, మామూలు జలుబు తెచ్చే పాత కరోనా. పది మందికి సోకింది, ఎనిమిది మందికి జలుబు చేసింది. వారములో యాంటీబాడీలు పెరగసాగాయి, రెండు వారాలకు శిఖరము చేరాయి, తరువాత దిగసాగాయి. ఏడాదికి మొదటికన్నా కొంచెమే ఎక్కువగా మిగిలాయి. అప్పుడు అదే వైరస్‌ను మళ్ళీ వేశారు. మొదట సోకినవారిలో తొమ్మిది మంది వస్తే, ఆరుగురికి మళ్ళీ సోకింది. అయితే ఒక్కరికి కూడా జలుబు చేయలేదు.

ఈ చివరి రెండు వాక్యాలను మరొకసారి చదవమని మనవి. సోకింది, కాని జలుబు చేయలేదు. మేము ఆ రోజు వాకిట్లో తెలియక కలిపివేసిన రెండు సంగతులు ఇవే. "మళ్ళీ సోకుతుందా?" అనేది ఒక ప్రశ్న. "సోకితే మంచాన పడవేస్తుందా?" అనేది వేరొక ప్రశ్న. ఒక ప్రశ్నకు జవాబు నెలలలో ఉంటే, రెండవదానికి జవాబు ఏండ్లలో ఉండవచ్చు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో పదిమంది ఆరోగ్యవంతుల రక్తాన్ని 1980ల నుండి దాచి పరీక్షించిన వైద్యులు, జలుబు తెచ్చే నాలుగు పాత కరోనాలు ఒకే మనిషికి మళ్ళీ మళ్ళీ సోకుతున్నట్లు 2020లో చెప్పారు. చాలాసార్లు ఏడాదికి, ఎప్పుడైనా ఆరు నెలలకే. పసిపిల్లలకు ఆయాసము తెచ్చే ఆర్.ఎస్.వి. అనే వైరస్ ఇంకా మొండిది. అమెరికాలో 15 మంది పెద్దలకు కావాలని మళ్ళీ మళ్ళీ వేసి చూస్తే, రెండు నెలలలోనే సగము మందికి తిరిగి సోకింది. 2025 జనవరిలో హెచ్.ఎమ్.పి.వి. అని టీవీలలో హడావిడి జరిగినప్పుడు మా యౌవనస్థులు భయపడి వచ్చారు. అది కొత్తది కాదు. 2001లో గుర్తించారు గాని అంతకు ఎన్నో ఏండ్ల ముందునుండి ఉన్నదే. దాదాపు ప్రతి మనిషికి చిన్నతనములోనే వస్తుంది, పెద్దయ్యాక కూడా మళ్ళీ వస్తుంది.

తట్టు ఒక్కసారితో ఎందుకు పోతుంది, జలుబు ఎందుకు పోదు? తట్టు వైరస్ గొంతులో దిగిన వెంటనే జబ్బు చేయదు. రక్తములో కలిసి ఒళ్ళంతా తిరిగి, జ్వరము తెచ్చేసరికి పది రోజులు పడుతుంది. పాత జ్ఞాపకమున్న శరీరానికి ఆ పది రోజులు చాలు. యాంటీబాడీలను తయారుచేసి దారిలోనే పట్టుకుంటుంది. జలుబు వైరస్‌కు ఒళ్ళంతా తిరిగే పని లేదు. ముక్కులో దిగి, ముక్కులోనే పెరిగి, రెండు మూడు రోజులలో తన పని ముగించుకొని మరొకరి ముక్కుకు పోతుంది. లోపలివారు లేచి చెప్పులు తొడుక్కునేలోగా దొంగ గోడ దూకినట్టు. దానిని గుమ్మములోనే ఆపాలంటే ముక్కు లోపలి తడి పొరలో యాంటీబాడీలు సిద్ధముగా ఉండాలి. అక్కడ ఉండేవి రక్తములోని వాటికన్నా త్వరగా తగ్గిపోతాయి. దీనికి తోడు తట్టు వైరస్ తన రూపము మార్చుకోదు. ఫ్లూ, కరోనా మార్చుకుంటాయి.

ఇక యాంటీబాడీలు అనగా ఏమిటో కొంచెము చూద్దాము. మన పాఠ్యపుస్తకాలలో వీటిని ప్రతిరక్షకాలు అన్నారు. వైరస్‌కు అతుక్కొని, అది మన కణములోనికి చొరబడకుండా అడ్డుపడే ప్రోటీన్లు ఇవి. రక్తములో ఎక్కువగా ఉండే రకము సుమారు మూడు వారాలకు సగము నశిస్తుంది. ఈ మాట విని మేము ఆశ్చర్యపోయాము. మూడు వారాలకు సగమైపోయేదానితో ఫారో దీవుల ముసలివారు 65 ఏండ్లు ఎట్లా నెట్టుకొచ్చారు? అంటే ఎవరో లోపల కూర్చుండి రోజూ కొత్తవి తయారుచేస్తున్నారన్నమాట. ఆ తయారుచేసేవి ప్లాస్మా కణాలు. వాటి నివాసము ఎముకల లోపలి మూలుగ.

మా ఊరిలో గణేశ నిమజ్జనము రోజున బయటి ఊళ్ళ నుండి పోలీసులను లారీలలో దింపుతారు. సందు సందుకు ఒకరు. పండుగ అయిన మూడవ రోజు చూస్తే ఎవరూ ఉండరు. అంతమాత్రాన ఊరిలో పోలీసులు లేరని కాదు. ఠాణా ఉన్నది, అందులో కొద్దిమంది ఉన్నారు, దొంగల ఫోటోలున్న రిజిస్టరు కూడా ఉన్నది. జబ్బు వచ్చినప్పుడు శరీరము కూడా ఇట్లే చేస్తుంది. ముందుగా తాత్కాలికపు ప్లాస్మా కణాలు గుంపుగా పుట్టి యాంటీబాడీలను కుమ్మరిస్తాయి. కొద్ది వారాలలో అవి చనిపోతాయి. అప్పుడు రిపోర్టులో అంకె నిలువునా పడిపోతుంది. తరువాత మూలుగలో స్థిరపడినవి మాత్రమే కొద్దికొద్దిగా తయారుచేస్తూ ఉంటాయి, అంకె మెల్లగా దిగుతుంది. రిజిస్టరులాంటివి జ్ఞాపక కణాలు. అవి యాంటీబాడీలను విడుదల చేయక ఊరకనే ఉంటాయి, అదే వైరస్ వస్తే లేచి వేగముగా పెరుగుతాయి.

కరోనా విషయములో ఇది ఊహ కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్ వైద్యులు, ఎక్కువమందికి స్వల్పముగానే వచ్చి తగ్గిన 77 మందిని గమనించి 2021లో ప్రచురించారు. మొదటి నాలుగు నెలలు యాంటీబాడీలు త్వరగా పడ్డాయి, తరువాత నెమ్మదించాయి. ఏడు నెలలకు 19 మంది తుంటి ఎముక నుండి మూలుగ తీసి చూస్తే, 15 మందిలో కరోనా మీద యాంటీబాడీ తయారుచేసే కణాలు స్థిరపడి ఉన్నాయి. 2003లో సార్స్ వచ్చి బ్రతికినవారిలో యాంటీబాడీలు రెండు మూడేండ్లలో చాలావరకు తగ్గినా, సోకిన కణాలను వెదకి చంపడములో పాలుపంచుకొనే టి కణాల జ్ఞాపకము 17 ఏండ్ల తరువాత కూడా కనబడింది.

ఫ్లూ గురించి రెండు సంగతులు చెప్పక ఉండలేము. 1918లో ప్రపంచాన్ని, మన దేశాన్ని మరీ ఎక్కువగా, తుడిచిపెట్టిన ఫ్లూ వైరస్ మీద యాంటీబాడీలు, ఆ కాలములో పిల్లలుగా ఉండి బ్రతికిన 32 మంది రక్తములో దొరికాయి. అప్పటికి వారి వయస్సు 91 నుండి 101. అది 2008లో వచ్చిన పరిశోధన. తొంబై ఏండ్ల జ్ఞాపకము! రెండవది 1977లో జరిగింది. హెచ్1ఎన్1 అనే ఫ్లూ రకము 1957లో మనుషులలో కనుమరుగై, ఇరవై ఏండ్ల తరువాత దాదాపు అదే రూపముతో తిరిగి వచ్చింది. ముఖ్యముగా ఇరవై అయిదేండ్లలోపు వారికే సోకింది. పెద్దవారు చాలావరకు తప్పించుకున్నారు, చిన్నతనములో దానిని ఎదుర్కొన్నారు గనుక. చూడండి, ఎప్పుడూ ముసలివారిని పట్టే ఫ్లూ ఆ ఏడు ముసలివారిని వదిలి పడుచువారిని పట్టింది.

మరి ఫ్లూ మనకు ఎందుకు మళ్ళీ మళ్ళీ వస్తుంది? మన జ్ఞాపకము చెడిపోయి కాదు, వచ్చేవాడు వేషము మార్చుకొని వస్తున్నాడు గనుక. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు కూర్చుండి ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో మార్చి చెప్పేది ఇందుకే.

ఇప్పుడు మా అక్కగారి సంగతికి తిరిగి వద్దాము. 2021 జూన్ జూలైలలో భారత వైద్య పరిశోధనా మండలి, అనగా ఐ.సి.ఎమ్.ఆర్., దేశమంతటా రక్తపరీక్షలు చేసింది. నూటికి 67.6 మందిలో కరోనా యాంటీబాడీలు ఉన్నాయి. మన సంఘములున్న రాష్ట్రాలలో చూస్తే కర్ణాటకలో 69.8, తమిళనాడులో 69.2, ఒడిశాలో 68.1, మహారాష్ట్రలో 58. ఈ లెక్కలు పేపరులో చూసి, ఇక గండము గడిచింది అనుకున్నవారిలో మేమూ ఉన్నాము. ఆ నవంబరులో దక్షిణ ఆఫ్రికా వైపు నుండి ఒమిక్రాన్ వార్త వచ్చింది. యాంటీబాడీలు పట్టుకునే ముల్లు ప్రోటీన్‌లో ముప్పైకి పైగా మార్పులతో వచ్చింది. రిజిస్టరులోని ఫోటోకు, వచ్చినవాని మొహానికి పోలిక తగ్గింది. జనవరికల్లా ఇంటింటా దగ్గే.

19 దేశాల 65 పరిశోధనలను కలిపి 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించిన లెక్క మా తప్పును మాకు సరిగ్గా చూపింది. ఒకసారి కరోనా వచ్చి సుమారు తొమ్మిది నెలలు, అనగా 40 వారాలు గడిచినవారిలో, మునుపటి రకాలు మళ్ళీ సోకకుండా నూటికి 79 పాళ్ళు రక్షణ ఉన్నది. మొదటి ఒమిక్రాన్ రకము సోకకుండా ఉన్న రక్షణ 36 పాళ్ళే. కాని అదే ఒమిక్రాన్ వలన జబ్బు ముదరకుండా రక్షణ 89 పాళ్ళు.

ఇక్కడ లెక్కల మాస్టారుగా ఒక మాట. 89 పాళ్ళు రక్షణ అంటే నూరుమందిలో 89 మందికి ఏమీ కాదు, 11 మందికి ముదురుతుంది అని అర్థము కాదు. అంతకు ముందు ఎన్నడూ రానివారిలో 100 మందికి ముదిరే చోట, వచ్చిపోయినవారిలో 11 మందికి ముదురుతుంది అని. ఇది గొప్ప రక్షణే. మా సగము నిజము ఇదే. అయితే ఇది అన్ని వయస్సులవారిని కలిపి తీసిన లెక్క. ఆ 11 మందిలో ఎవరుంటారు? వయస్సు పైబడినవారు, ఊపిరితిత్తులో గుండెయో ముందే బలహీనమైనవారు, షుగరు ఉన్నవారు ఎక్కువగా ఉంటారు. వచ్చిపోయిన తరువాత టీకా కూడా వేయించుకున్నవారికి రక్షణ ఇంకా పెరిగినట్లు చాలా దేశాల లెక్కలలో తేలింది. మేము ఆమెకు చెప్పవలసినది, "అక్కా, మీకు లోపల కొంత బలమున్నది, కాని మీ ఊపిరితిత్తులకు అది చాలదేమో, డాక్టరును అడిగి వేయించుకోండి" అని. టీకా వేయించుకొని ఉంటే జనవరిలో ఆసుపత్రి తప్పేదని ఖచ్చితముగా చెప్పగలవారు లేరు. ఆ అవకాశము ఆమెకు మేము లేకుండా చేశాము, అంతే.

రిపోర్టుల గురించి కూడా చెప్పాలి. మా సంఘములో రిటైరైన ఒక అన్న, టీకా రెండు డోసులు వేయించుకొని, వెయ్యి రూపాయలు పోసి యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నారు. సున్నా వచ్చింది. రెండు రాత్రులు నిద్ర పోలేదు. తీరా చూస్తే ఆ పరీక్ష వైరస్ లోపలి ప్రోటీన్ మీద తయారయ్యే యాంటీబాడీని వెదికేది. ఆయన వేయించుకున్న కోవిషీల్డు ముల్లు ప్రోటీన్ మీద మాత్రమే యాంటీబాడీలను పుట్టిస్తుంది. లేనిదానిని వెదికితే సున్నా గాక ఏమి వస్తుంది? మరొకాయనకు వేలలో అంకె వచ్చి, రిపోర్టును జేబులో పెట్టుకొని పెండ్లిండ్లకు తిరిగారు. ఒక్కో ల్యాబుది ఒక్కో కొలత, మూలుగలో ఎన్ని కణాలు స్థిరపడ్డాయో, టి కణాలెన్నో ఆ కాగితము చెప్పదు. టీకా తరువాత రక్షణ ఎంత ఉన్నదో తేల్చడానికి ఈ పరీక్షలు వాడవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2021 మేలోనే చెప్పింది. ఇద్దరు అన్నలూ ఒకే కాగితాన్ని నమ్మారు, ఒకరు భయానికి, ఒకరు ధైర్యానికి.

ఇప్పుడు మమ్మల్ని ఎవరైనా "నాకు వచ్చిపోయింది కదా" అని అడిగితే, ఏ జబ్బు, ఎప్పుడు వచ్చింది, మీ వయస్సెంత, ఆయాసము, షుగరు ఉన్నాయా అని అడుగుతాము. తరువాత డాక్టరు దగ్గరకు వెంట వెళ్తాము. జవాబు మాత్రము మేము చెప్పము.

మొన్న వానాకాలానికి ముందు అక్కగారిని మేమే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. డాక్టరు పరీక్షించి ఫ్లూ టీకా వేశారు. బయట బల్ల మీద కూర్చుండి, చేయి నొక్కుకుంటూ అడిగారు: "ఇది ఎన్ని దినాలు పనిచేస్తది సార్?"

"రెండు వారాలకు బలము వస్తుంది అక్కా, ఈ ఏటికి మాత్రమే. వచ్చే ఏటికి వాడు వేషము మారుస్తాడు, మనమూ మళ్ళీ రావాలి."

"అయితే వచ్చే ఏడు కూడా మీరే తీసుకొని రావాలె" అన్నారు.